పర్లాకిమిడి వైపు మొదటి .32 పిస్తోలు కొనేవారికి

మీరు అడిగింది ఇది. ఒడిశా గజపతి జిల్లాలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నారు. పిస్తోలు లైసెన్సు కొత్తగా చేతికొచ్చింది. 1911 లాంటి పాతకాలపు ఇనుప పిస్తోలు కావాలని ఉంది. బరంపురంలో ఒక డీలరు దగ్గర పాత వాల్తర్ పీపీ ఉందన్నారు, చుట్టాల్లో ఒకాయన తన స్పానిష్ లామా ఇస్తానంటున్నారు, ఈ రెండూ కాకపోతే మన దేశంలోనే తయారయ్యే కొత్త అశని. ఈ మూడింటిలో దేన్ని నమ్మవచ్చు?

1911 సంగతి ముందే తేల్చేద్దాం. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆ పిస్తోలును అమెరికా సైన్యం 1911 మార్చి 29న తీసుకుంది. దాని తూటా .45 రిమ్‌లెస్. మన దేశంలో సైన్యం వాడే 9 ఎంఎం, .45 రిమ్‌లెస్, .380, .455 రిమ్ తూటాలు పట్టే పిస్తోళ్ళు, రివాల్వర్లు అన్నీ నిషిద్ధ బోర్ (మామూలు జనానికి చట్టం వద్దన్న గొట్టం కొలత) కిందికి వస్తాయి. కలెక్టరు ఇచ్చే మామూలు లైసెన్సు మీద అవి కొనడం కుదరదు. "కాగితాలు మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే ఆ మనిషితో బేరం అక్కడికే ఆపేయండి. మీకు ముఖ్యంగా మిగిలేవి .32 ఏసీపీ, అంటే 7.65 ఎంఎం, దానికంటే చిన్న .25, ఇంకా .22. సాధనకు .22 బాగుంటుంది. .25 జేబులో పట్టడానికి చేసిన బుల్లి సరుకు, పెద్ద చేతికి పట్టు దొరకదు. కాబట్టి మాట్లాడుకోవలసింది .32 గురించే.

డీలరు కౌంటరు దగ్గర చాలామంది మొదటిరోజే చేసే తప్పు ఒకటుంది. ".32 తూటాలు ఇవ్వండి" అంటారు. మన దగ్గర ఆ మాటకు రెండు అర్థాలు. దేశీ రివాల్వర్లలో వేసేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పొడుగ్గా అంచు బయటికి వచ్చి ఉంటుంది. పిస్తోలుకు వేసేది .32 ఏసీపీ, పొట్టిది. ఒకదానిలోది ఇంకోదానిలో వాడకూడదు. అడిగేటప్పుడు "7.65 పిస్తోలు రౌండు" అనండి, బిల్లు మీద కూడా అలాగే రాయించుకోండి.

ఈ .32 ఏసీపీని కూడా 1899లో బ్రౌనింగే చేశాడు. 71 గ్రెయిన్ల గుండు, అంటే 4.6 గ్రాములు, సెకనుకు సుమారు 275 నుంచి 300 మీటర్ల వేగం. ఒత్తిడి తక్కువ కాబట్టి పిస్తోలులో తాళం యంత్రాంగం అక్కరలేదు. స్లైడ్ (పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) బరువు, దాని వెనక స్ప్రింగు, ఈ రెండే తూటా పేలేటప్పుడు వెనుక తలుపు మూసి ఉంచుతాయి. దీన్ని బ్లోబ్యాక్ అంటారు. పాత .32 పిస్తోళ్ళు దాదాపు అన్నీ ఇలా పనిచేసేవే. ఇందులో కష్టమైన పనంతా ఆ స్ప్రింగుదే, ముసలైపోయేదీ అదే. కొనేవాళ్ళు మాత్రం స్లైడ్ మీద చెక్కిన పేరు చదివి డబ్బు ఇస్తారు. మొదటి పిస్తోలుకు నేను చూసే వరుస వేరు: స్ప్రింగు, మ్యాగజైన్ (పిడిలో పెట్టే తూటాల డబ్బా), గొట్టం, సేఫ్టీ, అవన్నీ అయ్యాక పేరు. విడిభాగం దొరకని గొప్ప పేరు అల్మరాలో పెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే.

ముందు అశని. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు. 2021 అక్టోబరు నుంచి ఆ ఫ్యాక్టరీ కాన్పూరు కేంద్రంగా ఉన్న ఏడబ్ల్యూఈఐఎల్ అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వెళ్ళింది. మ్యాగజైన్‌లో 8 రౌండ్లు పడతాయి. చూడ్డానికి అందంగా ఉండదు, ట్రిగ్గర్ బరువు, అంచులు కొంచెం గరుకు. అయినా కొత్త మ్యాగజైన్, కొత్త స్ప్రింగు, బిల్లు, సీరియల్ నంబరు, అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. మొదటి పిస్తోలుకు ఇది చిన్న విషయం కాదు. కొత్తది కదా అని కళ్ళు మూసుకుని తెచ్చుకోకండి. తూటా ముక్కు మ్యాగజైన్ నుంచి గొట్టంలోకి ఎక్కే వాలు, అంటే ఫీడ్ ర్యాంప్, నున్నగా ఉందా చూడండి. మ్యాగజైన్లు ఒక్కొక్కటీ ఖాళీగా పెట్టి, వదిలే మీట నొక్కగానే కిందికి జారుతున్నాయా చూడండి. ముందు సైటు ఒక పక్కకు ఒరిగి ఉందేమో కూడా. ధరలో ఒక మాట: రివాల్వర్లు, పిస్తోళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 40 శాతం. అంతకు ముందు చెప్పిన కొటేషన్ పట్టుకుని వెళితే గొడవ పడవలసి వస్తుంది.

ఇక పాతవి. 1980ల మధ్యలో మామూలు లైసెన్సుదారులకు విదేశీ చేతి తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అందుకే చెలామణిలో ఉన్నవి దాదాపు అన్నీ అంతకుముందు వచ్చినవే, చేతులు మారుతూ వస్తున్నవే. ధర ఎక్కువగా ఉండడానికి కొరత కారణం. ధర ఎక్కువ కాబట్టి నాణ్యత ఎక్కువ అనుకోవద్దు.

వాల్తర్ పీపీ 1929లో వచ్చింది, దాని పొట్టి తమ్ముడు పీపీకే 1931లో. పీపీలో 8, పీపీకేలో 7 రౌండ్లు. మ్యాగజైన్ పొడవు తేడా, కాబట్టి "రెండూ ఒకటే సార్" అని పీపీకే మ్యాగజైన్ అంటగడితే తీసుకోకండి. వీటి గొప్పదనం మొదటి గుండుకు కూడా ట్రిగ్గర్ ఒక్కటే నొక్కితే చాలు, హ్యామర్ (వెనక ఉండే సుత్తి) ముందే ఎత్తి ఉంచక్కరలేదు. సేఫ్టీ దించితే హ్యామర్ పేలకుండా కిందికి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలాకాలం వీటిని ఫ్రాన్స్‌లో మాన్యురిన్ కంపెనీ చేసింది. స్లైడ్ మీద ఆ పేరుంటే నకిలీ అనుకోకండి, చాలా మంచి సరుకు. నా లెక్కలో పాతవాటిలో మొదటి పిస్తోలుకు ఎక్కువ తగింది మంచి స్థితిలో ఉన్న పీపీ. ఒక లోపం గుర్తుంచుకోండి: గొట్టం ఫ్రేముకు బిగించి ఉంటుంది. గొట్టం పాడైతే ఇంటిదగ్గర మార్చుకునే పని కాదు.

ఎఫ్ఎన్ బ్రౌనింగ్ 1910 సన్నగా, నున్నగా ఉంటుంది. స్ప్రింగు గొట్టం చుట్టూ తిరిగి ఉంటుంది, ముందు మూత తిప్పి తీసేటప్పుడు వేలితో నొక్కి పట్టుకోకపోతే కంటికే వచ్చి తగులుతుంది. మూడు సేఫ్టీలున్నాయి: బొటనవేలిది, పిడి వెనకది, మ్యాగజైన్‌ది. హ్యామర్ బయటికి కనిపించదు, దానికి బదులు లోపల సూదిలాంటి స్ట్రైకర్. అది ఎత్తి ఉందో లేదో బయటినుంచి తెలియదు, కొత్తవాడికి ఇది పెద్ద లోపమే. 1922 మోడల్ దానికే పొడుగు గొట్టం, 9 రౌండ్లు. కోల్ట్ 1903 పాకెట్ హ్యామర్‌లెస్ కూడా బ్రౌనింగ్ చేతిదే. పేరులో హ్యామర్‌లెస్ అని ఉన్నా హ్యామర్ స్లైడ్ లోపల దాగి ఉంటుంది. 8 రౌండ్లు, 1945 దాకా తయారైంది, గట్టి సరుకు. గొట్టం తిప్పి తీయవచ్చు కాబట్టి శుభ్రం చేయడం తేలిక. చెకోస్లొవేకియా సీజెడ్ 27, ఇటలీ బెరెట్టా 1935 కూడా కనిపిస్తే చూడవచ్చు. వెబ్లీ అండ్ స్కాట్ .32 ఇంగ్లండులో లండను పోలీసులు వాడింది. బాగానే పనిచేస్తుంది గానీ విడిభాగాలు దొరకడం కష్టం.

మీ చుట్టాల లామా. అది 10-ఎ (X-A) మోడల్ అయితే .32లో వచ్చి, బయటికి అచ్చు 1911 చిన్నరూపంలా ఉంటుంది, పిడి వెనక సేఫ్టీతో సహా. స్టార్ కంపెనీవాళ్ళ ఎస్ఐ మోడల్ కూడా ఇలాంటిదే. మీ ముచ్చటకు ఇవే దగ్గర. ఆ రెండు స్పానిష్ కంపెనీలూ మూతపడ్డాయి, విడిభాగం అంటే ఇంకో చచ్చిన పిస్తోలు నుంచి తీసుకోవడమే. బాగా ఉంచుకున్న లామా కాల్చడానికి హాయిగా ఉంటుంది. మొదటిదిగా, అదొక్కటే ఉండేట్టయితే, నేను చెప్పను. ఎయిబార్ పట్టణంలో మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రెంచి సైన్యం కోసం పదుల కొద్దీ చిన్న కార్ఖానాలు చేసిన రూబీ రకం పిస్తోళ్ళు ఉంటాయి. అవి ఉచితంగా ఇచ్చినా వద్దు. ఒకదాని మ్యాగజైన్ ఇంకోదానికి సరిపోదు, సేఫ్టీలు అరిగిపోయి పేరుకే ఉంటాయి.

ఇప్పుడు పరీక్ష. పాత పిస్తోలు చేతికి తీసుకుంటే ముందు మ్యాగజైన్ తీయండి, ఆ తర్వాత స్లైడ్ మూడుసార్లు వెనక్కి లాగండి, చాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) కళ్ళతో చూడండి, చిటికెనవేలు పెట్టి చూడండి. ఈ వరుస తిరగేయకూడదు. ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, లాగినప్పుడు పైకి వచ్చిన రౌండు చాంబర్‌లోనే ఉండిపోతుంది. "ఖాళీ తుపాకీ పేలింది" అని విన్న వార్తల్లో చాలావాటికి కారణం ఇదే. కింద చెప్పే పరీక్షలన్నీ తూటాలు వేరే గదిలో పెట్టి చేయాలి. 1910 లాంటివాటిలో మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయదు, వాటికి ఖాళీ మ్యాగజైన్ పెట్టి చేయండి.

గొట్టం: చిన్న టార్చి పెట్టి రెండు వైపులనుంచీ చూడండి. లోపల మెలి తిరిగిన గాడులు పదునుగా కనబడాలి. ఒకచోట ఉంగరంలా నీడ కనిపిస్తే అది ఉబ్బు. ఎప్పుడో గుండు లోపల ఇరుక్కుంటే, వెనకనుంచి ఇంకో గుండు కాల్చారన్నమాట. అలాంటి పిస్తోలు ధర ఎంత తగ్గించినా వద్దు. చిన్న చిన్న గుంటలు కొన్ని ఉంటే ఫరవాలేదు, పాత ప్రైమర్ల (తూటా అడుగున మొదట అంటుకునే మందు) ఉప్పు వల్ల వచ్చేవి అవి. చాంబర్‌లో గుంటలుంటే మాత్రం పేలిన తూటా ఖాళీ డొల్ల, అంటే కేసు, అంటుకుపోతుంది. గొట్టం నోటి అంచు ఒకచోట చెక్కినట్టు ఉంటే గుండు పక్కకు పోతుంది.

రంగు: కొత్తగా నిగనిగలాడే పాత పిస్తోలును అనుమానించండి. నల్లరంగు మళ్ళీ వేయించేముందు తుప్పు గుంటలు పోవడానికి రుద్దుతారు. అక్షరాల అంచులు గుండ్రంగా కరిగినట్టు ఉంటే రుద్దారని అర్థం. ఎక్కువ రుద్దితే నంబరు కూడా మసకబారుతుంది, అది చట్టం సమస్య అవుతుంది. ఫ్రేము, స్లైడ్, గొట్టం మీద నంబర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, బిల్లులోది, అమ్మేవాడి లైసెన్సులోది ఒక్కో అంకె పోల్చండి. 3, 8 మధ్య తేడా గుమాస్తా చేసిన తప్పే కావచ్చు, దాన్ని దిద్దించుకోవడానికి కలెక్టరేటు చుట్టూ తిరిగేది మాత్రం మీరే.

సేఫ్టీ, సియర్ (ఎత్తిన హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కెం): హ్యామర్ ఎత్తండి, సేఫ్టీ వేయండి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి (పీపీలో సేఫ్టీ వేస్తే హ్యామర్ దిగిపోతుంది కాబట్టి ఈ మొదటి పరీక్ష దానికి కుదరదు). ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. హ్యామర్ ఆ క్షణంలో పడితే సియర్ అరిగింది. తర్వాత హ్యామర్ ఎత్తి ఉన్నప్పుడు బొటనవేలితో వెనకనుంచి ముందుకు తోసి చూడండి, జారకూడదు. పిడి సేఫ్టీ ఉంటే దాన్ని నొక్కకుండా ట్రిగ్గర్ లాగండి, ఏమీ జరగకూడదు. ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కిపట్టి ఉంచే స్లైడ్ వెనక్కి లాగి వదలండి. హ్యామర్ ఎత్తుగానే ఉండాలి. ట్రిగ్గర్ వదిలితే చిన్న టిక్ వినబడాలి, మళ్ళీ నొక్కితేనే పడాలి. ఇది తప్పితే ఒక్క నొక్కుకు రెండు మూడు గుళ్ళు పోతాయి. అది ప్రాణాపాయం, పైగా ఒక్క నొక్కుకు వరుసగా పేలే తుపాకీ అంటే చట్టం దృష్టిలో నిషిద్ధ ఆయుధం.

పీపీలకు పెన్సిల్ పరీక్ష. రబ్బరు ఉన్న వైపు కిందికి వచ్చేలా పెన్సిల్ గొట్టంలో వేసి, నోరు పైకి పట్టుకోండి. హ్యామర్ ఎత్తి, సేఫ్టీతో దించండి. పెన్సిల్ కదలకూడదు. కదిలిందంటే హ్యామర్ ఫైరింగ్ పిన్‌కు (తూటా అడుగును కొట్టే సూది) తగిలింది, రౌండు ఉంటే పేలేదన్నమాట. తర్వాత సేఫ్టీ తీసి ట్రిగ్గర్‌తో కొట్టండి, ఈసారి పెన్సిల్ ఎగిరి బయట పడాలి. ఎగరకపోతే హ్యామర్ స్ప్రింగు నీరసించింది లేదా పిన్ దారిలో పాత గ్రీజు గడ్డకట్టింది. యుద్ధం చివరి ఏళ్ళలో హడావిడిగా చేసిన పీపీల్లో ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

స్ప్రింగు చూడడం: నోరు పైకి పట్టి స్లైడ్‌ను వేలెడంత వెనక్కి తీసి మెల్లగా వదలండి. తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో ఆగితే స్ప్రింగు గానీ మురికి గానీ. స్లైడ్ వెనక ఆగే చోట ఫ్రేము మీద కొట్టిన దెబ్బల్లాంటి చదును గుర్తులుంటే చాలాకాలం నీరసమైన స్ప్రింగుతో కాల్చారు. అదే చోట, ఖాళీ కేసు బయటపడే ఎజెక్షన్ కిటికీ మూలల్లో సన్నని వెంట్రుకవాసి పగుళ్ళుంటాయేమో, కొద్దిగా కిరోసిన్ రాసి తుడిచి చూడండి. పగులు ఉంటే కిరోసిన్ చెమ్మ గీతలా మళ్ళీ బయటికి వస్తుంది.

మ్యాగజైన్ల మీద ఎంత చెప్పినా తక్కువే. పిస్తోలు ఇరుక్కుంటే నింద తుపాకీకి వస్తుంది, తప్పు చాలావరకు రేకు డబ్బాది. పైపెదవులు రెండూ ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉండాలి. కిందపడి ఒకవైపు వంగితే తూటా వాలిపోయి ర్యాంపుకు తన్నుకుంటుంది. ఖాళీ మ్యాగజైన్‌లో వేలితో పలకను అడుగుదాకా నొక్కి వదిలితే చివరిదాకా ఒకే బలంతో పైకి రావాలి. కంపెనీ మ్యాగజైన్లు రెండు లేకుండా పాత పిస్తోలు కొనకండి. వాటికి 1, 2 అని అడుగున గుర్తు పెట్టుకోండి. ఇరుకు ఎప్పుడూ 2తోనే వస్తుంటే మందు ఏమిటో మీకే తెలుస్తుంది.

.32 ఏసీపీకే ప్రత్యేకమైన ఒక జబ్బుంది. ఈ తూటాకు అడుగు అంచు పూర్తిగా లోపల ఉండదు, కొంచెం బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ కొక్కెంలా తగులుకుంటాయి. స్లైడ్ ఎంత లాగినా పై తూటా ముందుకు రాదు. నింపేటప్పుడే ప్రతి తూటా అంచు దాని కింది తూటా అంచుకు ముందు ఉండేలా వేయాలి. పొట్టిగా ఉండే హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉన్న) తూటాలతో ఇది ఎక్కువ, ఎందుకంటే మ్యాగజైన్‌లో ముందూ వెనకా జారే ఖాళీ ఉంటుంది. పాత పిస్తోళ్ళు గుండ్రని ముక్కు, పూర్తి తొడుగు ఉన్న గుండు కోసం చేసినవి. వాటికి అదే పెట్టండి. మనకు సాధారణంగా దొరికేది ఖడ్కీ మందుగుండు ఫ్యాక్టరీ రౌండు, అడుగున కేఎఫ్ అని ఉంటుంది. ఇది చాలు.

నమ్మకం అనేది కాల్చాకే. లైసెన్సులో రాసిన తూటాల లెక్క తక్కువ కాబట్టి దుబారా కుదరదు, అయినా మొదటి 50 రౌండ్లు అనుమతి ఉన్న రేంజిలో ఖర్చుపెట్టండి. ఇంటి పెరట్లో, జీడితోటలో కాదు. ప్రతి మ్యాగజైన్ పూర్తిగా నింపి కనీసం మూడుసార్లు. ఖాళీ కేసులు ఒకటి రెండు మీటర్ల దూరంలో ఒకే వైపు పడుతుంటే స్ప్రింగు సరిగ్గా ఉంది. నాలుగైదు మీటర్లు ఎగిరిపోతూ చేతికి చురుక్కున తగులుతుంటే నీరసించింది, మార్చాలి. కేసు కిటికీలో నిలబడి ఇరుక్కుంటే మొదట మీ మణికట్టు బిగువు చూసుకోండి. బ్లోబ్యాక్ పిస్తోలును వదులుగా పట్టుకుంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. అది బాగున్నా ఇరుక్కుంటుంటే ఖాళీ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు అరిగింది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గురివైపే పట్టుకుని 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. శబ్దం టపాకాయలా కాకుండా తుస్సుమంటే వెంటనే ఆపి, దించి, గొట్టంలో చూడండి. ముందు చెప్పిన ఉంగరపు ఉబ్బు అలాంటి సమయంలో రెండో గుండు కాల్చినవాళ్ళు తెచ్చుకున్నదే.

పాడైతే లైసెన్సు ఉన్న మరమ్మతు డీలరు దగ్గరికే. ఊళ్ళో కమ్మరి ఎంత నేర్పరి అయినా ఆయన చేతికి ఇస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు, మరమ్మతుకు కూడా చట్టం లైసెన్సు అడుగుతుంది.

పాతవి చాలావాటిలో, 1910, కోల్ట్ 1903 సహా, పడిపోయినప్పుడు ఫైరింగ్ పిన్‌ను ఆపే అడ్డు ఉండదు. గొట్టం నోరు కిందికి వచ్చేలా పడితే పేలే అవకాశం ఉంది. అందుకే చాంబర్ ఖాళీగా ఉంచుకోండి. ఇంట్లో పిల్లలుంటే పిస్తోలు ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో. నెలల తరబడి తీయకుండా అల్మరాలోనే పెట్టేవారైతే నిజానికి రివాల్వరే మేలు, నింపి ఉందో లేదో చూడగానే తెలుస్తుంది. అది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను.

మన సరిహద్దు సంగతి వేరు. లైసెన్సులో ఎక్కడెక్కడ చెల్లుతుందో రాసే గడి ఒకటుంది. అక్కడ ఒడిశా అని మాత్రమే ఉంటే, పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాటడం, ఎంత దగ్గరైనా, లైసెన్సు లేకుండా ఆంధ్రలో ఆయుధం పెట్టుకున్నట్టే. బరంపురం రైలెక్కితే ఇంకా చిక్కు. గునుపురం లైను పాతపట్నం, టెక్కలి మీదుగా నౌపడకు పోతుంది, అక్కణ్ణించి ఇచ్ఛాపురం దాటాకే మళ్ళీ ఒడిశా. రోడ్డు మీద పలాస వైపు జాతీయ రహదారి కూడా అంతే. డీలరు దగ్గరికి పిస్తోలుతో వెళ్ళాల్సివస్తే మోహనా, దిగపహండి మీదుగా వెళ్ళండి, దారంతా ఒడిశాలోనే. మహారాష్ట్ర గడ్చిరోలిలో సిరోంచవాళ్ళకు గోదావరి వంతెన దాటి కాళేశ్వరం పోవడం, చంద్రాపూర్‌లో రాజురావాళ్ళకు ఆసిఫాబాద్ పోవడం సరిగ్గా ఇదే సమస్య. వ్యాపారం రెండు రాష్ట్రాల్లోనూ ఉంటే కొనకముందే పరిధి పెంచమని కలెక్టరేటులో దరఖాస్తు పెట్టుకోండి.

చుట్టాల పిస్తోలు చేతులు మారాలంటే నోటిమాట చాలదు. అమ్మే మనిషి, కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి ఠాణాకు గానీ రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలియజేసి 45 రోజులు గడిచాకే ఇవ్వాలి. అప్పటిదాకా మీ ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే, లైసెన్సు 5 సంవత్సరాలు. పొలం కాపలాకు తాతల నాటి తుపాకీ మీ పేరున ఇప్పటికే ఉంటే లెక్కలో అది కూడా వస్తుంది. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాల్చడానికి అదే సవరణ రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టింది. ముచ్చటకు ఒకటి కాల్చమనే బావమరుదులకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు మీ మూడింటికి జవాబు. వాల్తర్ పైన చెప్పిన పరీక్షలన్నీ దాటి, రెండు అసలు మ్యాగజైన్లు ఉంటే తీసుకోండి. ఒక్క పరీక్ష తప్పినా అశని తీసుకోండి, చింత అక్కరలేదు. లామాను రెండో తుపాకీగా, తర్వాతి ఏళ్ళకు ఉంచుకోండి.

ఏది కొన్నా దాన్ని చంపేది గుండు కాదు, తేమ. వానాకాలం మన కొండల కింద గాలి నెలల తరబడి తడిగానే ఉంటుంది, బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ సముద్రపు గాలిలో ఉప్పు. తోలు ఒరలో పెట్టి అల్మరాలో ఉంచకండి, తోలు తేమ పీల్చి ఇనుముకు అంటిస్తుంది. పొడి గుడ్డలో చుట్టి, సిలికా జెల్ సంచి పెట్టి, 15 రోజులకొకసారి తీసి చూడండి. ముట్టుకున్న ప్రతిసారీ వేలిముద్రలు తుడిచి పల్చగా నూనె పట్టించండి.

ఎన్నికలప్పుడు పిస్తోలు ఠాణాలో జమ చేయమంటారు, ఒడిశాలో లోక్‌సభ, శాసనసభ ఒకేసారి అయితే జమ కాలం నెలల మీద సాగుతుంది. ఠాణా మాల్‌ఖానాలో, అంటే సామాను గదిలో, ఎవరూ నూనె రాయరు. ఇచ్చేముందు గొట్టంలో, స్లైడ్ లోపల, మ్యాగజైన్‌కు కూడా చిక్కటి గ్రీజు పట్టించి, మైనపు కాగితంలో చుట్టి, నంబరు రాసిన చీటీ కట్టి, రసీదులో నంబరు, మ్యాగజైన్ల సంఖ్య రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే పుల్‌త్రూతో (గొట్టంలోంచి గుడ్డ లాగే తాడు) పొడి గుడ్డ లాగి గొట్టం గ్రీజంతా తీయాలి, ఫైరింగ్ పిన్ దారి కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఆ దారిలో నూనె చుక్క కూడా వేయొద్దు. గడ్డకట్టిన గ్రీజుతో పిన్ నెమ్మదిస్తే తర్వాత కొట్టిన ప్రతి రౌండు మీదా చిన్న గాటు పడుతుంది, పేలదు, మీరు తూటాలను తిడతారు.